పచ్చ గోడ ముందు ఆగిపోయిన సినిమా

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సారాంశం ఇదీ.

ఆయనకు 29 ఏళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ఆపరేటర్, జీతం 17 వేలు. ఏడాదిన్నర కిందట మేడ మీది రేకుల గదిలో ఒక గోడకు పచ్చ డిస్టెంపర్ వేయించి, దాన్నే గ్రీన్ మ్యాట్‌గా (ఆ పచ్చదనాన్ని కంప్యూటర్‌లో తీసేసి, వెనక వేరే దృశ్యం అతికించడానికి) వాడుకుంటూ గంటన్నర సినిమా మొదలుపెట్టారు. కథ 1323లో జరిగిన ఓరుగల్లు ముట్టడి నాటిది. మట్టికోట దగ్గర కాపలా కాసే ఒక మామూలు సైనికుడు, ఊళ్లో అతని కోసం ఎదురుచూసే భార్య. సైనికుడి వేషం బామ్మర్దిది, భార్య వేషం ఆయన భార్యదే. కెమెరా అంటే సొంత ఫోను. లైట్లు అంటే ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ బల్బులు. ఎడిటింగ్ ఒక పాత లాప్‌టాప్‌లో. ఇంతవరకు సగం కూడా పూర్తికాలేదు.

ఇప్పుడు అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. బామ్మర్దికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, ఇంటర్వ్యూకని గడ్డం తీసేశాడు. భార్యకు ఐదో నెల. ఈమధ్య ఆదివారం వస్తే చాలు పుట్టింటికి వెళ్లిపోతోంది. ఆర్టీసీలో చేసి రిటైరైన బాపు ఆ గదిని నెలకు 3,500కు కిరాయికి ఇద్దామంటున్నారు. "ఇది ఇల్లా, సర్కస్ డేరానా?" అని పక్కింటివాళ్ల ముందే అన్నారట. వీటన్నిటికీ విరుగుడుగా ఈయన అనుకుంటున్నది: తెలిసినవాళ్ల దగ్గర లక్షా ఎనభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మంచి కెమెరా కొని, తీసినదంతా పక్కన పడేసి మళ్లీ మొదటి నుంచి తీయడం. "నాకే చేతకావడం లేదా, కెమెరా బాగాలేదా? అదొక్కటి చెప్పండి చాలు" అని ముగించారు. రెండు నిమిషాల క్లిప్ కూడా పంపారు.

మీ క్లిప్ చూశాను. ముందు దాని సంగతే మాట్లాడుకుందాం. మీరు అప్పు దాకా వెళ్లింది దాన్ని చూసుకునే కదా.

మీ హీరో జుట్టు చుట్టూ పచ్చటి అంచు వణుకుతోంది. భుజం దగ్గర మెట్లు మెట్లుగా తెగింది. మీ ఆవిడ కుండ ఎత్తుకునే షాట్‌లో చేతికున్న పచ్చ గాజులు మాయమై, మణికట్టు మీద గుండ్రటి సందులు పడి, వాటిలోంచి కోటగోడ రాళ్లు కనిపిస్తున్నాయి. నవ్వు ఆపుకోలేకపోయాను, ఏమీ అనుకోకండి. అవి ఐదో నెలలో పెద్దవాళ్లు తొడిగిన గాజులై ఉంటాయి. షూటింగ్ కోసం తీయమని మాత్రం అడగకండి. గాజేదో గోడేదో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పచ్చగా ఉన్నదాన్ని తీసెయ్యమన్నారు, తీసేసింది. లక్షా ఎనభై వేల కెమెరా పెట్టినా ఆ గాజులు అలాగే పోతాయి. ఆవిడ షాట్లకు పచ్చ గోడ మీద ముడతల్లేకుండా, మెరుపు లేని నీలం బట్ట బిగించి తీస్తే సరిపోతుంది. చీరలో నీలం లేకుండా చూసుకోండి, అంతే.

ఇక ఆ మెట్ల అంచు. ఫోన్ వీడియోలో ప్రతి చుక్కకూ వెలుగెంతో నమోదవుతుంది. రంగు మాత్రం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కసారే నమోదవుతుంది. మామూలుగా చూస్తే కంటికి ఆ తేడా తెలియదు. రంగును పట్టుకుని మనిషిని కత్తిరించబోయినప్పుడే బయటపడుతుంది. మెమరీ నిండిపోతోందని 1080లో తీస్తున్నట్టు రాశారు. అదే ఉత్తరంలో మీ ఫోన్‌లో 4కె, అంటే అడ్డంగానూ నిలువుగానూ రెట్టింపు చుక్కలు, ఉందనీ రాశారు. 4కెలో తీసి, సినిమాను 1080లో బయటికి తెస్తే ఆ నాలుగు చుక్కలు కుదించుకుని ఒకటవుతాయి, దాని రంగు దానికి దొరుకుతుంది. వీడియోను కుదించే పద్ధతిని (కోడెక్‌ను) బట్టి నిమిషానికి 350 ఎంబీ దాకా తినేస్తుంది, నిజమే. అయినా మెమరీ కార్డు ఖరీదెక్కడ, కెమెరా ఖరీదెక్కడ!

మీ గది పది బై పన్నెండు అన్నారు. క్లిప్‌లో బామ్మర్ది గోడకు ఆనుకుని ఉన్నంత పని చేశాడు. గోడ మీద నీడ, మెడ మీద పచ్చ రంగు అందుకే. అతన్ని ఆరడుగులు ముందుకు తెండి. అలా తెస్తే నిలువెత్తు మనిషి ఫ్రేములో పట్టడు, నడుము పైకే పడతాడు. పట్టకపోవడమే మంచిది. పాదాలు కనిపిస్తే నేల మీద నీడ కావాలి, నేల కావాలి, మీ లాప్‌టాప్‌కు అంత పని పెట్టొద్దు. గోడకు అటొకటి ఇటొకటి ట్యూబ్‌లైట్ బ్యాటెన్లు పెట్టి, గోడంతా ఒకే వెలుతురు పడేలా చూసుకోండి. మనిషికి వేరే లైటు పెట్టండి. అతను చెయ్యి ఊపినప్పుడల్లా వెనక గోడ రంగు మారిపోతోంది, గమనించారా? ఫోను తనంతట తాను సర్దుకోవడం వల్ల వచ్చిన తంటా అది. ఓపెన్ కెమెరా లాంటి ఉచిత యాప్ వేసుకుని ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్‌ను సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే చౌక బల్బుల మినుకు చాలావరకు తగ్గుతుంది. మీరు వాడుతున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోనే, ఫ్యూజన్ పేజీలో పచ్చ రంగును తీసేసే డెల్టా కీయర్ ఉంది. ముందు మనిషి చుట్టూ గరుకుగా ఒక మాస్క్ గీసి, గోడ మూలలన్నీ బయటికి తోసేసి, తర్వాత కీయర్ వాడండి. దానికి చూసుకోవాల్సిన గోడ తగ్గేకొద్దీ అంచు బాగా తెగుతుంది.

వీటిలో కొనాల్సింది రెండు బ్యాటెన్లు, ఒక మెమరీ కార్డు, కొన్ని మీటర్ల బట్ట. ఒక్క నిమిషం సీను ఇలా తీసి చూడండి. అప్పు సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

మనిషి కోట ముందు నిలబడినట్టు అనిపించకపోవడానికి ఇంకో కారణం ఉంది, దానికీ కెమెరాకూ సంబంధం లేదు. మీరు వెనక పెట్టిన ఖిలా వరంగల్ కోట ఫొటోలో ఎండ కుడి పక్క నుంచి ఏటవాలుగా పడుతోంది. మీ హీరో మీద వెలుతురు ఎదురుగా, ముఖం మీద పడుతోంది. కోటను మీరు నిలబడి తీశారు, హీరోను స్టూలు మీద పెట్టిన ఫోనుతో కింది నుంచి తీశారు. చూసేవాళ్లకు కారణం చెప్పడం రాదు గానీ, అతికించినట్టుందని ఇట్టే పట్టేస్తారు. కోటను ఏ ఎత్తు నుంచి, ఏ లెన్సుతో, ఏ పూట తీశారో ఒక పుస్తకంలో రాసుకుని, గదిలో దాన్నే పాటించండి. ఫొటో బదులు ఫోను కదలకుండా ఒక నిమిషం వీడియో తీసుకోండి. గడ్డి కదిలినా, కాకి ఎగిరినా వెనకున్నదానికి ప్రాణం వస్తుంది. చేత్తో ఫోను పట్టుకుని సందర్శకుడిలా తీసుకోవడం వేరు, స్టాండు పెట్టి, వేషాలతో షూటింగ్ చేయడం వేరు. అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, షూటింగ్‌కు ముందస్తు అనుమతి కావాలి.

ఇంకో మాట. మీ కథ కోట పడకముందు నాటిది. వెనక మాత్రం ఖాళీ మైదానంలో ఒంటరిగా నిలబడ్డ కీర్తి తోరణం చూపించారు. ఆ నాలుగు తోరణాల నడుమ అప్పుడు స్వయంభూ శివాలయం ఉండేది. మీరు చూపించినది ముట్టడి తర్వాతి శిథిలం. వరంగల్ జనం మీ సినిమా చూస్తే మొదట పట్టుకునేది అదే, మనవాళ్లకు తోరణం కొలతలతో సహా తెలుసు. రాతికోట గోడ ఒక్కటే, దగ్గరగా, ఏ బోర్డూ దీపస్తంభం లేకుండా ఫ్రేము నిండా పెట్టుకోండి. అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇంతకీ మీరు పంపిన రెండు నిమిషాల్లో నాకు బాగా నచ్చింది చివరి ఇరవై సెకన్లు. ఇంటి వెనక బావి దగ్గర, దీపం వెలుతురులో, మీ ఆవిడ చేద లాగుతూ ఒక్క క్షణం ఆగి చప్పుడు వింటుంది. అందులో గ్రీన్ మ్యాట్ లేదు. మీరు దాన్ని "ఊరికే పెట్టాను" అని రాశారు. నా మాట వింటే, మీ సినిమా అక్కడుంది.

ఇక డబ్బు. లక్షా ఎనభై వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,600. గది ఖాళీ చేయకపోతే పోయే కిరాయి 3,500. అంటే 17 వేల జీతంలో నెలకు 7,100 ఆ పచ్చ గోడకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఇంట్లోకి పాప వచ్చే ఏడాది అది. యూట్యూబ్‌లో పెడితే డబ్బులొస్తాయని రాశారు. ప్రకటనల ఆదాయం మొదలవ్వాలంటేనే ఛానెల్‌కు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఒక్క సినిమాతో అది సాధ్యం కాదని నేననను, వడ్డీ కట్టడానికి దాన్ని నమ్ముకోవద్దంటున్నాను. అన్నీ తెలిసి కూడా కెమెరా కొంటే మీకు మిగిలేది మంచి కెమెరా, గడ్డం లేని హీరో, మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే షూటింగ్. కెమెరాతో పెళ్లిళ్ల సీజన్‌లో వీడియోలు తీసి అప్పు తీర్చే ఉద్దేశం ఉంటే అది వేరే లెక్క. అది వ్యాపారం. దాన్ని వ్యాపారంగానే ఆలోచించి, ఎన్ని పెళ్లిళ్లు చేతిలో ఉన్నాయో చూసుకుని దిగండి, సినిమా పేరు చెప్పి కాదు.

నేనైతే మొగ్గేది వేరే దారికి. గంటన్నర సినిమాను ఇరవై నిమిషాలకు తగ్గించడం. ఈ మాటకు మీకు కోపం వస్తుంది, రానివ్వండి. తీసినంతలో పనికొచ్చేవి ఏరండి. వందల మంది సైన్యం, ఏనుగులు, నిప్పుల వాన అన్న సీన్లన్నీ కాగితం మీదే ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. ముట్టడిని చూపించకండి, వినిపించండి. గుర్రాల డెక్కలు, దూరంగా నగారా, గోడ మీద ఎర్రటి వెలుగు ఊగడం. మీ సైనికుడు మామూలు కాపలావాడు, రాత్రంతా అతనికి తెలిసేది కూడా అంతే కదా. మిగిలిన సీన్లు రాత్రి పూటకు మార్చుకుంటే ఇంకో లాభం, చీకటి వెనక ఉంటే తెగిన అంచులు సగం కనిపించవు. గ్రీన్ మ్యాట్ కోటగోడ షాట్లకే పరిమితమవుతుంది. ఇల్లు, బావి, సందు నిజమైనవే వాడుకోవచ్చు. ఇందులో నష్టం ఏమిటంటే, ఇది మీరు కలగన్న సినిమా కాదు. "ఫీచర్ ఫిల్మ్ తీశాను" అని చెప్పుకోలేరు. ఆ మాట చెప్పుకోవడం మీకు ఎంత ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. పూర్తయిన ఇరవై నిమిషాలు చేతిలో ఉంటే మాత్రం, తర్వాత డబ్బు పెట్టేవాళ్ల దగ్గరకో, కెమెరా అద్దెకిచ్చే మిత్రుడి దగ్గరకో ధైర్యంగా వెళ్లొచ్చు.

ఆపేయడం కూడా ఒక దారే. దాన్ని ఓటమిగా రాశారు మీరు. పాప పుట్టాక ఏడాది ఆపి, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. కానీ ఆపితే ఆపానని అందరికీ చెప్పి ఆపండి. గోడ పచ్చగా ఉంచి, లైట్లు మూల పెట్టి, "వచ్చే నెల చూద్దాం" అంటూ నానబెడితే గది పోతుంది, మనుషులూ దూరమవుతారు.

మనుషుల సంగతికి వస్తాను. బామ్మర్ది "మోసం చేసి పోతున్నాడు" అని రాశారు. ఏడాదిన్నర ఆదివారాలు పైసా తీసుకోకుండా, వరంగల్ ఎండల్లో రేకుల కింద, దూదితో కుట్టిన కవచం వేసుకుని నిలబడిన పిల్లవాడు అతను. ఉద్యోగం వస్తే వెళ్లక ఏం చేస్తాడు? జానపద సినిమాల విఠలాచార్య గురించి ఇండస్ట్రీలో ఇప్పటికీ చెప్పుకుంటారు, హీరో డేట్ల దగ్గర పేచీ పెడితే ఆ పాత్రకు శాపం తగిలించి, చిలకగానో మేకగానో మార్చి షూటింగ్ కానిచ్చేసేవాడట. మీకు చిలక కూడా అక్కర్లేదు, మీ సైనికుడికి శిరస్త్రాణం ఉంది. అతని ముఖం తప్పనిసరిగా కావలసిన షాట్లు ఎన్నో రాయండి. ఇరవై నిమిషాల సినిమాలో అవి కొన్నే తేలతాయి. వెనక నుంచి, దూరం నుంచి, చీకట్లో తీసేవి ఇంకెవరైనా చేస్తారు. గడ్డం పెరిగాక కాజీపేటలో రైలు దిగి రెండు ఆదివారాలు వస్తే చాలు. డబ్బింగ్‌కు రావాల్సిన పనే లేదు, హాస్టల్ గదిలో దుప్పటి కప్పుకుని ఫోనులో డైలాగులు రికార్డు చేసి పంపమనండి, మీ రేకుల గది కన్నా శబ్దం బాగుంటుంది. టైటిల్స్‌లో అతని పేరు ఎలా వేస్తారో, రేపు పైసలొస్తే వాటా ఎంతో ఇప్పుడే కాగితం మీద పెట్టండి. చుట్టరికం ఉన్నచోట ఈ పని ముందే చేసుకోవాలి.

బాపు అడుగుతున్నది సినిమా ఆపమని కాదనుకుంటాను. ఆ గది ఎప్పుడు ఖాళీ అవుతుందో ఇంతవరకు ఎవరూ ఆయనకు చెప్పలేదు. తారీఖు చెప్పండి. "ఫలానా నెల ఒకటో తేదీన గోడకు తెల్ల సున్నం నేనే వేయిస్తాను, తర్వాత కిరాయికి ఇచ్చుకో బాపూ" అంటే ఆయన అప్పటిదాకా ఓర్చుకోవచ్చు, ఓర్చుకోకపోవచ్చు. కానీ పక్కింటివాళ్ల ముందు అనేంత కోపం రాకపోవచ్చు. జీవితమంతా టైముకు బస్సు తీసిన మనిషికి, ఎప్పుడు బయలుదేరుతుందో తెలియని బండిలో కూర్చోవడం కష్టంగానే ఉంటుంది.

మీ ఆవిడ గురించి చెప్పాలంటే కాస్త ఇబ్బందిగానే ఉంది. నాలుగు పేజీల్లో ఆవిడ లైటు పట్టుకుంటుంది, కుండ ఎత్తుతుంది, టీ పెడుతుంది, పుట్టింటికి పోతుంది. సినిమా గురించి ఏమనుకుంటుందో ఒక్క వాక్యం లేదు. ఆమె తమ్ముడికీ మీకూ మాట పడితే మధ్యలో నలిగేది కూడా ఆవిడే. నేను ఏదీ ఇలాగే చేయండని చెప్పను గానీ, ఇదొక్కటి చెబుతాను: ఐదో నెల మనిషిని ఆ రేకుల కింద, లైట్ల వేడిలో నిలబెట్టకండి. ఆవిడ షాట్లు మిగిలి ఉంటే కింద గదిలో, సాయంత్రం, కుర్చీలో కూర్చుని తీసేలా మార్చుకోండి. డాక్టర్ వద్దంటే అవి కూడా వద్దు. ఆవిడ గొంతు చాలు, కథ నడుస్తుంది. ఈ ఆదివారం షూటింగ్ పెట్టకుండా తీసినవన్నీ వరసగా టీవీకి తగిలించి ఆవిడతో కూర్చుని చూడండి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో అడగండి. బావి దగ్గర ఎక్కడ ఆగాలో ఆవిడకు తెలిసినట్టే, ఎడిటింగ్‌లో ఎక్కడ ఆపాలో కూడా తెలిసి ఉండవచ్చు. కాన్పుకు పుట్టింటికి వెళ్లేది ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో మీ ఇంటి ఆచారాన్ని బట్టి చూసుకోండి. మీ సినిమాకు అసలు గడువు అదే, ఉద్యోగం కాదు, కిరాయి కాదు.

మీ ఇరవై నిమిషాలు యూట్యూబ్‌కే అయితే సెన్సార్ సర్టిఫికెట్ అవసరం లేదు. థియేటర్‌లో వేయాలంటే కావాలి. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌కు సినిమా పాటల బిట్లు వాడినట్టున్నారు, అవి తీసేయండి. కాపీరైట్ క్లెయిమ్ పడితే వచ్చే నాలుగు రూపాయలూ వాళ్లకే పోతాయి. ఊళ్లో డప్పు వాయించేవాళ్లకు కూలి ఇచ్చి ఒక పూట రికార్డు చేసుకుంటే ముట్టడికి అంతకన్నా మంచి సంగీతం దొరకదు.

చివరగా, ఫుటేజ్ మొత్తం ఆ ఒక్క పాత లాప్‌టాప్‌లోనే ఉందనీ, అది మధ్యమధ్యలో వేడెక్కి ఆగిపోతోందనీ రాశారు. పైన చెప్పినవన్నీ తర్వాత. రేపు సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ ఒక హార్డ్‌డిస్క్ కొని అంతా అందులోకి కాపీ చేసి, దాన్ని మీ ఇంట్లో కాకుండా అత్తగారింట్లో పెట్టండి.